యంత్రమునకు ఊపిరి, చమురునకు దారి



ఉడుకుచున్న కుండపై మూతను బిగించి, ఆవిరి పోవుటకు సందు లేకుండ జేసినచో ఏమగునో మన యిండ్లలో ఎల్లరకును తెలిసినదే. మోటారుకారు యంత్రమునకును ఇట్టి చిక్కే కలదు. గాలిచే చల్లబడు యంత్రములలో ఆవిరి వెలుపలికి పోవు విధమును, చమురు క్రిందికి దిగు విధమును నేడు విన్నవించెదను.

జర్మనీదేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును ఉదాహరణముగా గైకొందము. ఫెర్డినాండ్ పోర్షె దీనిని 1930 తరువాతి దశకమున రూపొందించెను. ఈ జాతి కార్లు రెండుకోట్ల పదిలక్షలకు పైగా వెలువడినవి. కడపటిది 2003లో మెక్సికోదేశమున తయారయ్యెను. యంత్రము కారు వెనుకభాగమున నుండును. నాలుగు సిలిండరులు ఇరుప్రక్కల రెండేసి చొప్పున పరుండబెట్టినట్లు అమరియుండును. నీటితో పనిలేదు. పంకా విసరు గాలియు, రెండున్నర లీటర్ల చమురును వేడిని హరించును. కావున చమురు కందెన మాత్రమే కాదు, చల్లబఱచు సాధనము కూడ.

పిస్టను చుట్టునున్న ఉంగరములు ఎంత బిగువుగానున్నను, కాలిన వాయువు కొంత వానిని దాటి, వంకర యిరుసు తిరుగు క్రాంకుపెట్టెలోనికి జొచ్చును. లీటరు పెట్రోలు కాలినపుడు ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుట్టును. అందు అధికభాగము పొగగొట్టమున పోవును. కొంత పెట్టెలో చేరును. యంత్రము చల్లగానున్నచో ఆ ఆవిరి నీరై, చమురుతో కలిసి, మీగడవంటి తెల్లని జిగురగును. అందుకే చమురు పోయు మూతికడ ఒక ఊపిరిగొట్టము నమర్చిరి. తొలుత అది బాటమీదికే వాయువును విడుచుచుండెను. తరువాతి కార్లలో దానిని గాలి వడపోతకు కలిపిరి. ఆ వాయువు మరల యంత్రములోనే కాలిపోవును.

ఇక చమురు సంగతి. పంపు దానిని బోలు కడ్డీలగుండ కవాటముల కడకు పంపును. తిరిగివచ్చుటకు మాత్రము పంపు సాయము లేదు. ఆ కడ్డీలను కప్పియున్న ఎనిమిది సన్నని గొట్టములగుండ అది తనంతట తానే పెట్టెలోనికి దిగవలయును. గొట్టముల కొనలయందు చమురు కారకుండ బిరడాలుండును. బెల్టుచక్రముకడ బిరడాయే లేదు; మరచుట్టువంటి గాడి చమురును లోనికి త్రిప్పిపంపును.

ఊపిరిగొట్టము పూడినచో లోని ఒత్తిడి పెరిగి, చమురును బలహీనమైన చోట్లనుండి వెలికి త్రోయును. కారిన చమురు వేడి పొగగొట్టములపై బడి మాడును. ఈ కారులో చలికాలమున ప్రయాణికులకు వెచ్చదన మిచ్చునది ఆ గొట్టములను తాకి వచ్చు గాలియే. ఆ కంపు వారి ముక్కునకే చేరును. చమురు తగ్గినకొలది యంత్రము వేడెక్కి, తుదకు బేరింగులు చెడును. కొలతకు మించి పోసినను కీడే: ఇరుసు దానిని చిలికి నురుగుచేసి, ఊపిరిగొట్టమున వెడలగొట్టును.

మన పొలములలో నీరు తోడు చమురుయంత్రములకును ఇట్టి ఊపిరిగొట్టము కలదు. చమురు కారుచున్నదని పనివాడు బిరడాలు మార్చబూనినపుడు, "ఊపిరిగొట్టము శుభ్రముగానున్నదా?" అని ముందడుగుడు. కారణము తొలగనిదే క్రొత్త బిరడాయు నిలువదు. పెట్టిన సొమ్ము దక్కదు.