ఇంటికి గాలిమర: ముందు గాలిని కొలవండి

రాయలసీమలో రామగిరి కొండల మీద 1990ల నుంచీ గాలిమరలు తిరుగుతున్నాయి. వాటిని చూసినవారికి మన మేడ మీదా చిన్నది పెట్టుకుంటే కరెంటు బిల్లు తప్పుతుంది కదా అనిపించడం సహజం. తప్పుతుందో లేదో తేల్చేది మీ ఇంటి దగ్గర వీచే గాలే.

గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. వేగం సగానికి పడితే ఎనిమిదో వంతే మిగులుతుంది. లెక్క వేసి చూద్దాం. రెక్కలు తిరిగే వలయం 2 మీటర్ల వెడల్పున్న మర, సెకనుకు 12 మీటర్ల గాలిలో సుమారు 1,000 వాట్లు ఇస్తుంది. దాన్ని ‘ఒక కిలోవాట్ మర’గా అమ్మేది ఆ వేగం లెక్కనే. అదే మర 6 మీటర్ల గాలిలో 125 వాట్లు, 3 మీటర్ల గాలిలో 15 వాట్లే ఇస్తుంది. 15 వాట్లంటే ఒకటి రెండు ఎల్‌ఈడీ బల్బులు. 6 మీటర్ల గాలి రేయింబవళ్లు ఆగకుండా వీచినా రోజుకు వచ్చేది 3 యూనిట్లే.

ఇక ఎత్తు సంగతి. పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ తగిలిన గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో మర మాటిమాటికీ దిక్కు మార్చుకుంటుంది, బేరింగులు అరుగుతాయి, అదురు స్లాబులోకి దిగుతుంది. అందుకే డాబా మీద బిగించడం మంచిది కాదు. చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్లకన్నా, ఇళ్లకన్నా రెక్కల కింది అంచు కనీసం 9 మీటర్లు పైన ఉండాలన్నది ఈ రంగంలో పాటించే కొలత. పక్కన 10 మీటర్ల కొబ్బరిచెట్లుంటే 20 మీటర్ల టవర్ కావాలి. దానికి పునాది, స్టే వైర్లు అదనం. అవసరమైనప్పుడు కిందికి వాల్చే వీలున్న టవర్ అయితే బోల్టులు బిగించుకోవచ్చు, తుపాను హెచ్చరిక రాగానే దించుకోవచ్చు.

ఊళ్లో ఇల్లున్నవారికి సౌరఫలకాలే మేలు. ఒక కిలోవాట్ ఫలకాలు ఎండ బాగుంటే రోజుకు దాదాపు 4 యూనిట్లిస్తాయి, తిరిగే భాగాలుండవు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద వాటికి రాయితీ కూడా ఉంది.

గాలిమర అక్కరకొచ్చేది అడ్డుల్లేని మిట్ట మీద, కరెంటు లైను అందని పొలం ఇంటికి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టి ఫలకాలు మందగించే వేళ నైరుతి గాలి జోరందుకుంటుంది. అక్కడ రెండూ కలిపి బ్యాటరీకి అనుసంధానిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. అయితే మర కొనకముందే, అది నిలబడాల్సిన ఎత్తులో గాలివేగం కొలిచే పరికరం పెట్టి ఏడాదిపాటు లెక్క రాసుకోండి. సగటు 5 మీటర్లకు చేరకపోతే ఆ డబ్బు ఫలకాల మీద పెట్టండి.