బటన్ నొక్కినా పలకని కంప్యూటర్: ఎక్కడ ఆగిందో కనుక్కోవడం ఎలా?



మన రీడింగ్ రూములో ఉన్న కంప్యూటర్ కంపెనీ ముద్ర వేసుకుని వచ్చిన పెట్టె కాదు. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసి పంపిన డబ్బుతో విడిభాగాలు కొని మనమే బిగించుకున్నది. కొన్ని భాగాలు తిరుపతిలో దొరికాయి. మిగిలినవి చెన్నై రైలెక్కి రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి తెచ్చుకున్నాం. ఇలాంటి దాన్ని మన వైపు 'అసెంబుల్డ్ సిస్టమ్' అంటారు. ధర తక్కువ, ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు. అయితే మొత్తానికి కలిపి ఒక వారంటీ ఉండదు, ఫోన్ చేస్తే వచ్చే సర్వీసు మనిషి ఉండడు. బిగించుకున్నవాళ్ళే బాగు చేసుకోవాలి.

'ప్రతి ఒక్కరి చేతిలో ఫోను ఉంది కదా, కంప్యూటర్ నాలుగు రోజులు పడుకుంటే ఏమవుతుంది?' అని కొందరు అడగవచ్చు. మన రాష్ట్రంలో 2018 నుంచి ఎంసెట్ కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. రైల్వే ఉద్యోగాలకు, స్టాఫ్ సెలక్షన్ ఉద్యోగాలకు కూడా పరీక్ష కంప్యూటర్ మీదే. మూడు గంటలు తెర ముందు కూర్చుని, మౌస్ పట్టుకుని 160 ప్రశ్నలకు జవాబులు పెట్టే అలవాటు ఫోనుతో రాదు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడికి హాస్టల్ సిస్టమ్ ఆగినా నష్టం లేదు. లేనివాడికి పరీక్ష హాలే మొదటి ప్రాక్టీసు అవుతుంది. అందుకే ఈ వ్యాసం.

మేము శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. 'ముట్టుకోవద్దు, పాడైపోతుంది' అనే మాట వింటూ పెరిగినవాళ్ళం. మీలో చాలామంది కూడా అంతే. కంప్యూటర్ ఆన్ కాకపోతే చేతులు వెనక్కి పోయేది ఆ మాట వల్లనే. కానీ దీన్ని వెతికే పద్ధతి మనకు కొత్తది కాదు.

బోరు నీళ్ళ లెక్క

మోటారు వేసినా చివరి మడికి నీళ్ళు రాకపోతే మన నాన్నలు ఏం చేస్తారు? వెంటనే కొత్త మోటారు కొనరు. ముందు మూడు ఫేజులూ ఉన్నాయా అని చూస్తారు. తర్వాత ఫ్యూజు, స్టార్టరు చూస్తారు. ఆపైన పైపు వెంట నడిచి, కాలువకు ఎక్కడ గండి పడిందో చూస్తారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలిసినట్లే.

కంప్యూటర్ ఆన్ కావడం కూడా ఒక్క పని కాదు, ఒకదాని వెంట ఒకటి జరిగే కొన్ని పనులు. గోడ ప్లగ్గు నుంచి కరెంటు ఎస్ఎంపీఎస్‌కు వస్తుంది. అది 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి మదర్‌బోర్డుకు ఇస్తుంది. బోర్డు ప్రాసెసర్‌ను లేపుతుంది. ప్రాసెసర్ బయోస్ అనే ప్రోగ్రామును చదివి ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించుకుంటుంది. దీన్నే 'పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్' అంటారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనూ ఈ పరీక్ష ఉంది. అందులో నెగ్గాకే డిస్కు నుంచి విండోస్ లేదా లినక్స్ లోడ్ అవుతుంది. కాబట్టి 'ఏం పోయింది?' అని కాక 'ఎక్కడిదాకా వచ్చి ఆగింది?' అని అడగాలి.

ముందు జాగ్రత్తలు

పెట్టె తెరిచే ముందు ప్లగ్గు పూర్తిగా పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. పీకాక పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒంటి చేత్తో తాకి, ఆ తర్వాతే లోపలి భాగాలను ముట్టుకోవాలి. మన ఒంటి మీది స్టాటిక్ కరెంటు చిప్పులకు చేటు.

ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అది కొంతసేపు పోదు. అది పోయిందని తేలితే మార్చాలే గాని లోపల చెయ్యి పెట్టకూడదు.

మొదటి రకం: లైటు లేదు, ఫ్యాను లేదు

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు కాకుండా ముందు బయటే చూడాలి. అదే ప్లగ్గులో ఫోను ఛార్జరు పెడితే ఛార్జింగ్ ఎక్కుతోందా? స్పైక్ బస్టర్, యూపీఎస్ తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెడితే వస్తోందా? ఎస్ఎంపీఎస్ వెనక ఉన్న చిన్న స్విచ్ ఆన్‌లో ఉందా? గది ఊడ్చేటప్పుడు ఆ స్విచ్‌కు చీపురు తగలడం మామూలే.

బయట అంతా బాగుంటే లోపల చూడాలి. బోర్డుకు రెండు కరెంటు కనెక్టర్లు ఉంటాయి. ఒకటి 24 పిన్నుల పెద్దది, రెండోది ప్రాసెసర్ దగ్గర 4 లేదా 8 పిన్నులది. రెండింటినీ పీకి, క్లిప్పు 'టక్' మనేదాకా మళ్ళీ నొక్కాలి.

అప్పటికీ రాకపోతే ఎస్ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. ప్లగ్గు పీకి, దాని కనెక్టర్లన్నీ బోర్డు నుంచి, డిస్కుల నుంచి తీసేయాలి. 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్నీ, పక్కనున్న ఏదో ఒక నల్ల తీగనూ పేపర్ క్లిప్పుతో కలిపి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలి. ఫ్యాను తిరిగితే ఎస్ఎంపీఎస్ లేచినట్లు. తిరగకపోతే చాలావరకు అదే పోయినట్లు. కొన్ని కొత్త రకాల్లో బరువు లేనప్పుడు ఫ్యాను తిరగదు కనుక మల్టీమీటరుతో కొలవడం మేలు. నల్ల తీగతో కలిపి చూస్తే పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు, ఎర్ర తీగలో 4.75 నుంచి 5.25 లోపు రావాలి. తీగలన్నీ నల్లగానే ఉండే ఎస్ఎంపీఎస్‌లూ ఉన్నాయి. వాటి మీద ఈ పరీక్ష తెలిసినవాళ్ళు పక్కన లేకుండా చేయవద్దు.

రెండో రకం: ఆన్ అవుతుంది, వెంటనే ఆగిపోతుంది

ఇది మన హాస్టల్లో నిజంగా జరిగింది. ఒక నవంబరు వానల తర్వాత సిస్టమ్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగేవి, నాలుగు లెక్కపెట్టేసరికి ఆగిపోయేవి. ఒక దుకాణానికి తీసుకెళ్తే మూత తెరిచి చూసి 'మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేసుకోండి' అన్నారు. కొత్త బోర్డు అంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చాల్సి రావచ్చు. మళ్ళీ అన్నలను చందా అడగాలి. డబ్బు సంగతి తర్వాత చూద్దామని పెట్టెను వెనక్కి తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక అందరం చుట్టూ కూర్చుని వరుసగా చూశాం.

ప్రతిసారీ సరిగ్గా నాలుగు సెకన్లకే ఎందుకు ఆగుతోంది? పాత కాలపు కంప్యూటర్లలో పవర్ బటన్ నేరుగా కరెంటునే కలిపేది, ఆపేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో బటన్ కేవలం ఒక సైగ. బోర్డుకు 'లే' అని చెబుతుంది, అంతే. ఆ బటన్‌ను నాలుగు సెకన్లు ఒత్తి పట్టుకుంటే 'ఆగిపో' అని అర్థం. అంటే ఎవరో బటన్‌ను ఒత్తి పట్టుకున్నట్లే బోర్డు అనుకుంటోంది.

బోర్డు మీద 'పవర్ స్విచ్' అని రాసి ఉన్న రెండు పిన్నుల నుంచి బటన్ తీగ తీసేశాం. ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించాం. సిస్టమ్ లేచింది, ఆగలేదు. క్యాబినెట్ ముందున్న బటన్ దుమ్ము పట్టి, తేమకు బిగుసుకుని లోపలే ఉండిపోయింది. రీసెట్ బటన్ తీగను తెచ్చి ఆ పిన్నులకు తగిలించాం. ఇప్పటికీ మన సిస్టమ్‌ను రీసెట్ బటన్‌తోనే ఆన్ చేస్తున్నామని మీలో చాలామందికి తెలియదు. ఖర్చు ఒక్క రూపాయి కూడా కాలేదు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఈ రకానికి వేరే కారణాలూ ఉన్నాయి. ప్రాసెసర్ మీది ఫ్యాను వదులైతే వేడెక్కి ఆగిపోతుంది. మన ఎండాకాలంలో ఇది త్వరగా బయటపడుతుంది. ఫ్యానును దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు బఠాణీ గింజంత వేసి, నాలుగు మూలలా సరిగా బిగించాలి. బోర్డు కింద స్క్రూ ఏదైనా జారిపడినా షార్టయి ఆగిపోతుంది. పాత బోర్డయితే కెపాసిటర్లను చూడాలి. 2000ల మొదట్లో వచ్చిన చాలా బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పై భాగం ఉబ్బి కారిపోయేవి. అలాంటిది కనిపిస్తే బోర్డులోనే తప్పున్నట్లు.

మూడో రకం: ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది

కరెంటు వచ్చింది, సెల్ఫ్ టెస్ట్ దగ్గర ఆగింది. ముందు మానిటర్ ఆన్‌లో ఉందా, కేబుల్ ఎక్కడ తగిలించారు అనేవి చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. కొన్ని ప్రాసెసర్లలో, ఉదాహరణకు ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటిలో, సొంత డిస్‌ప్లే ఉండదు. వాటికి కార్డు లేనిదే బొమ్మ రాదు.

తర్వాత ర్యామ్. మా అనుభవంలో ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే. ర్యామ్‌ను బయటికి తీసి బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు పక్కలా క్లిప్పు పడేదాకా నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోటి విడిగా, ఒక్కో స్లాటులో పెట్టి చూడాలి.

చిన్న స్పీకరు ఉంటే బీప్‌లు వినండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే తప్పు. కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది కనుక బోర్డు పుస్తకం పారేయవద్దు. కొత్త బోర్డుల్లో బీప్‌లకు బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆగితే తప్పు అక్కడే. డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తొందరపడి ఆపేయకండి.

ఇవేవీ పని చేయకపోతే బోర్డును పెట్టెలోంచి తీసి అట్టపెట్టె మీద పరచాలి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, ఎస్ఎంపీఎస్, అవసరమైతే డిస్‌ప్లే కార్డు మాత్రమే తగిలించి లేపాలి. లేస్తే ఒక్కోటి చేర్చుకుంటూ రావాలి. ఏది చేర్చగానే ఆగిందో అదే దోషి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది తప్పో తెలియదు.

నాలుగో రకం: తెర వస్తుంది, విండోస్ రాదు

ఇక్కడిదాకా వచ్చిందంటే కరెంటు, బోర్డు, ర్యామ్ దాదాపుగా బాగున్నట్లే. డిస్కు కేబుల్ రెండు వైపులా పీకి పెట్టండి. పెన్‌డ్రైవ్ ఏదైనా ఉంటే తీసేయండి. బయోస్‌లోకి వెళ్ళి డిస్కు పేరు కనబడుతోందా, బూట్ వరుసలో ముందుందా చూడండి. కనబడకపోయినా మీ ఫైళ్ళు పోయాయని అనుకోవద్దు. ఆ డిస్కును ఇంకో సిస్టమ్‌కు తగిలించి చూశాకే ఆ మాట చెప్పాలి. ఫార్మాట్ చేయడం అన్నిటికన్నా చివరి పని.

తేదీ ఏళ్ళు వెనక్కి పోతుంటే బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయినట్లు. దాని నంబరు సీఆర్ 2032, మూడు వోల్టులది, గడియారాల షాపులో దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే చాలా వెబ్‌సైట్లు 'సురక్షితం కాదు' అంటూ తెరుచుకోవు. దరఖాస్తు చివరి రోజున నెట్ పోయిందని కంగారు పడేముందు మూలనున్న గడియారం చూడండి.

రెండు విన్నపాలు

తమ్ముళ్ళూ, సిస్టమ్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టాం. ఏ రోజు ఏం ఆగింది, ఏం మార్చాం, ఏమైంది అని అందులో రాయండి. రేపు మేము ఇక్కడ ఉండం, ఆ పుస్తకం ఉంటుంది. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక మామూలు మల్టీమీటరు, ఒక బ్రష్షు, ఒక రబ్బరు: మన ఆసుపత్రి సామాను ఇంతే. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయడం ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడి పని.

అన్నలకు ఒక మాట. మీరు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది అటక మీద పెట్టి ఉంటే, అందులో బాగా పని చేసే ర్యామ్, ఎస్ఎంపీఎస్ మాకు పంపండి. అనుమానం ఉన్న భాగాన్ని తీసి మంచిదని తెలిసిన భాగం పెట్టి చూడటానికి మించిన పరీక్ష లేదు. దుకాణాల్లో ఆ భాగాలు ఉంటాయి, మన దగ్గర ఉండవు. మీ అటక మీద ఊరికే ఉన్నది ఇక్కడ ఒక తమ్ముడి పరీక్షకు అక్కరకు వస్తుంది.