రాయి లేని కోట

కోట అనగానే మనకు నల్లరాతి గోడలూ, బురుజులూ, ఇనుప మేకుల తలుపులూ జ్ఞాపకం వస్తాయి. జపాన్‌లో నేను చూసిన సుగియామా కోటలో ఇవేవీ లేవు. టోకియోకు వాయవ్యంగా, సైతామా పరగణాలో రన్‌జాన్ అనే చిన్న ఊరున్నది. అక్కడ సుమారు 40 మీటర్ల ఎత్తు గుట్ట మీద ఉన్నదంతా మట్టే. మట్టి గట్లు, నీళ్ళులేని అగడ్తలు, చదును చేసిన పదీ పన్నెండు ఆవరణలు, వాటి నిండా గడ్డి.

ఇందులో చూడవలసిందేమిటని అడగవచ్చు. పైకి నడిస్తే తెలుస్తుంది. బాట ఎక్కడా తిన్నగా పోదు. ప్రతి ఆవరణ వాకిటా ఒక మలుపు. మలుపు తిరిగేసరికి పక్కనుంచి ఒక గట్టు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆ గట్టు మీద ఇద్దరు విలుకాళ్ళుంటే చాలు, ఎక్కివచ్చేవాడి డొక్కలో బాణం దిగుతుంది. తప్పుకుందామంటే పక్కనే అగడ్త. శత్రువు ఎవరూ లేకపోయినా, ఆ మలుపుల్లో నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంత నేర్పుగా కట్టించిందెవరు? పనితనం చూసి, 16వ శతాబ్దం నడుమ ఆ సీమను ఏలిన హోజో వంశంవారేనని పండితులు చాలాకాలం నమ్మారు. 2002లో తవ్వకాలు మొదలైనాయి. మట్టి మూకుళ్ళు, జాడీ పెంకులు, చైనా పింగాణీ ముక్కలు బయటపడ్డాయి. అవన్నీ 15వ శతాబ్దం చివరా, 16వ శతాబ్దం మొదటా వాడినవి! అప్పటికి హోజోవారు ఆ ప్రాంతానికి రానేలేదు. అక్కడ కత్తులు దూసుకుంటున్నవారు ఉఎసుగి వంశపు రెండు శాఖలవారు, అంటే దాయాదులు. 1488లో ఆ దగ్గరనే సుగయ మైదానంలో వారు ఘోరంగా పోరాడుకున్నారు. ఈ కోట ఆ దాయాదుల పోరు బిడ్డేనని ఇప్పుడు చాలామంది అంటారు. కాదు, ఈ పనితనం తర్వాతి కాలానిదేననే వారూ ఉన్నారు. అన్నం తిని పారేసిన మూకుడు పెంకులు పండితుల తీర్పును తిరగదోడాయి!

2008లో జపాన్ ప్రభుత్వం దీనిని జాతీయ చారిత్రక స్థలాల్లో చేర్చింది. ఆ దేశంలో వెనకటి కోటల ఆనవాళ్ళు 30 వేలకు పైగా ఉన్నవంటారు. నాటి ప్రధాన బురుజుమేడ నిలిచివున్నవి 12 మాత్రమే. యాత్రికులు వాటి ముందే బారులు తీరుతారు. వెళ్ళగలిగిన పాఠకులు ఒక పూట సుగియామాకు కూడా కేటాయించండి. గట్లు జారతాయి, మంచి చెప్పులు వేసుకోండి.