నకలు, అనుసరణము: తరగతి గదిలో పిల్లల కృతులు

పక్కవాని పలక చూచి వ్రాసిన పిల్లవానిని మనము మందలింతుము. కాని పెద్దల పనిని చూడక, అనుసరింపక ఏ విద్యయు అబ్బదు గదా! ఈ రెండింటి నడుమ గీత ఎక్కడ నున్నది? పిల్లలు కంప్యూటరుపై బొమ్మలను, ధ్వనులను కూర్చి అంతర్జాలమున పంచుకొనుచున్న ఈ కాలమున ఉపాధ్యాయునకు ఈ ప్రశ్న తప్పదు.

‘స్క్రాచ్’ అను సాధనమునే చూతము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మిచెల్ రెస్నిక్ బృందము దీనిని రూపొందించి 2007లో లోకమునకు అందించినది. ముఖ్యముగా 8 మొదలు 16 ఏండ్లవారి కుద్దేశించినది, వెల లేదు. ఇందు ఆజ్ఞలు రంగురంగుల దిమ్మెలవలె నుండును. వానిని వరుసగా అతికించినచో తెరమీది బొమ్మ నడచును, పలుకును. పిల్లలు తమ గొంతును, తాము గీసిన చిత్రమును చేర్చవచ్చును. నీరు ఆవిరియై, మేఘమై, వానయై కురియు తీరును చూపదలచిన బాలిక ముందుగా ఆ క్రమమును తాను గ్రహింపవలెను. వరుస తప్పెనా, మేఘము కట్టకమునుపే వాన కురియును!

ఇట్లు పంచిన కృతిలోని దిమ్మెలను ఇతరులు విప్పి చూడవచ్చును. మార్చి మరల పంచవచ్చును. దీనిని ‘రీమిక్స్’ అందురు. అప్పుడు మూలకృతి ఎవరిదో ఆ పుటమీద తనంతట తానే కనబడును. మనము వెదకిన గీత ఇదియే. ఋణము నొప్పుకొని, తనదిగా కొంత చేర్చినది అనుసరణము, ఒప్పుకొననిది నకలు. అయితే యంత్రము పేరు చూపినంత మాత్రమున పని తీరలేదు. ఏమి మార్చితివి, ఏల మార్చితివి అని అడిగి, రెండు వాక్యములైనను వ్రాయింపవలెను. ఆ జవాబులోనే పిల్లవాడు నేర్చినదెంతయో తెలియును.

పంచుటలో జాగ్రత్తయు కావలెను. ఒకరు మార్చి పంచిన పిమ్మట కృతిని పూర్తిగా వెనుకకు తీసికొనుట మన చేతిలో నుండదు. కనుక పిల్లల అసలు పేరు, ముఖము, బడి, ఊరు అందు చేరరాదు. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతిని విధించినది.

అంతర్జాలము లేని బడులును నిరాశపడ నక్కరలేదు. ఈ సాధనమును కంప్యూటరులో ముందే నిలుపుకొని, కృతులను తరగతిలోనే ఒకరికొకరు చూపుకొనవచ్చును. తన పని నలుగురు చూతురని తెలిసిన పిల్లవాడు దానిని మరల దిద్దుకొనును. మనము కోరునదియు అదియే.