ఆగని బండి వెనుక చట్టం

మనిషిని ఢీకొట్టి బండి ఆపకుండా వెళ్లిపోయిన డ్రైవరు మీద పడేది ఒక్క కేసు కాదు. ప్రమాదం ఒక నేరం, దెబ్బతిన్న మనిషిని వదిలిపోవడం మరో నేరం. ప్రమాదం ఎవరి తప్పువల్ల జరిగిందో కోర్టులో వాదించుకోవచ్చు. వదిలిపోవడానికి అంత వాదన దొరకదు, అది తెలిసి చేసిన పని.

నంద్యాల జిల్లా డోన్ మీదుగా హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రాత్రంతా లారీలు, ప్రైవేటు బస్సులు తిరిగే ఈ దారినే నాపరాళ్ల ట్రాక్టర్లు, పల్లెలకు మళ్లే బైకులు, దాటుకుంటూ పోయే గొర్రెల మందలు వాడుకుంటాయి. ఇలాంటి రోడ్డు పక్కన తెల్లారేసరికి శవం కనిపిస్తే ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని’ అన్న మాటతో కేసు నమోదవుతుంది. బండి దొరక్కపోతే ఆ కుటుంబానికి రావాల్సిన డబ్బు కూడా ఆ మాట దగ్గరే తగ్గిపోతుంది.

డ్రైవరు ఏం చేయాలో 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. గాయపడినవారిని దగ్గర్లోని డాక్టరు దగ్గరికో ఆసుపత్రికో చేర్చడానికి చేయగలిగినదంతా చేయాలి. పోలీసులు అడిగిన వివరాలు ఇవ్వాలి. అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషనులో జరిగింది చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఆసుపత్రికి వచ్చిన క్షతగాత్రుడికి పోలీసు కాగితాల కోసం చూడకుండా చికిత్స మొదలుపెట్టాలని డాక్టరుకూ ఇదే సెక్షన్ చెప్పింది. ఇది మనుషులకు దెబ్బ తగిలినప్పుడే కాదు, ఇతరుల ఆస్తికి నష్టం జరిగినా వర్తిస్తుంది. గొర్రెల మంద మీదికి లారీ ఎక్కించి వెళ్లిపోయిన డ్రైవరు కూడా ఈ సెక్షన్ కిందికే వస్తాడు. ‘గొర్రెలే కదా’ అనడానికి చట్టం చోటివ్వలేదు.

పారిపోయినవారు సాధారణంగా చెప్పే కారణం జనం కొడతారన్న భయం. ఆ భయం నిజమైనదే, చట్టమూ దాన్ని గుర్తించింది. జనం ఆగ్రహం వల్లో, తన చేతిలో లేని మరో కారణం వల్లో సాధ్యం కాకపోతే క్షతగాత్రుణ్ణి స్వయంగా ఆసుపత్రికి చేర్చలేదని డ్రైవరును తప్పుపట్టదు. అయితే ఆ మినహాయింపు అంతవరకే. స్టేషనుకు వెళ్లి చెప్పే బాధ్యతకు అది వర్తించదు. ప్రాణభయంతో నాలుగు కిలోమీటర్లు ముందుకు పోయి స్టేషను ముందు బండి ఆపినవాడూ, నంబరు ప్లేటు మార్చి షెడ్డులో దాచినవాడూ చట్టం ముందు ఒకటి కారు.

వెంటనే చెప్పాలనడంలో ప్రాణాల లెక్క కూడా ఉంది. ఇదే రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకుముందే ప్రమాదానికి గురై చీకట్లో రోడ్డు మీద పడి ఉన్న బైకును ఆ బస్సు ఈడ్చుకుపోయిందని పోలీసులు తేల్చారు. రోడ్డు మీద పడి ఉన్న బండి గురించి ఎవరికీ తెలియకపోతే అది రెండో ప్రమాదానికి దారి తీస్తుంది.

134వ సెక్షన్‌ను పాటించకపోతే 187వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణతో అది ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అయింది. మళ్లీ అదే తప్పు చేస్తే జైలు ఏడాదికి, జరిమానా 10,000కు పెరుగుతాయి. నడిపింది ఎవరని పోలీసులు అడిగితే చెప్పాల్సింది యజమాని, చెప్పకపోతే అతనికీ ఇదే శిక్ష. డ్రైవరు స్థానంలో ఇంకొకరిని లొంగిపోనిస్తే, బండిని కడిగి ఆనవాళ్లు చెరిపేస్తే సాక్ష్యాల మాయం కేసు తోడవుతుంది. దొరకకుండా పోవడం ఇప్పుడు అంత తేలికా కాదు. డోన్ నుంచి కర్నూలు వైపు అమకతాడు, అనంతపురం వైపు కాసేపల్లి టోల్‌గేట్లు ఉన్నాయి. ఫాస్టాగ్ నమోదు, కెమెరా దృశ్యం రెండూ సమయంతో సహా అక్కడ మిగులుతాయి.

నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం అయిదేళ్ల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష విధించే 106(2)ను కూడా పార్లమెంటు ఆమోదించింది. దానిపై 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఇంధనం దొరకదన్న భయంతో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరాయి. రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని కేంద్రం హామీ ఇచ్చింది. సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వస్తుందంటూ ఫిబ్రవరి 23న ఇచ్చిన నోటిఫికేషన్ ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. దీన్నిబట్టి పారిపోతే ఏమీ కాదని అనుకోవడం పొరపాటు. కారుతో ఢీకొట్టి ఆపకుండా వెళ్లిపోయిన 1999 జనవరి నాటి ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులో ఆరుగురు చనిపోయారు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్యం కింద కాక, హత్య కాని ప్రాణహరణం కిందే చూసింది. అయితే అప్పటికే అనుభవించిన జైలు చాలంది. రెండేళ్ల సమాజసేవ చేయాలని, బండి జాడ దొరకని ప్రమాదాల బాధితుల కోసం 50 లక్షల రూపాయలు కట్టాలని ఆదేశించింది.

ఆ బాధితుల సంగతే అందరికన్నా తక్కువగా తెలుసు. బండి దొరికితే కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లి మృతుడి వయసు, సంపాదన బట్టి పరిహారం అడగవచ్చు. తప్పు ఎవరిదో నిరూపించకుండానే 164వ సెక్షన్ కింద అయిదు లక్షలు వస్తాయి. బండి దొరకకపోతే 161వ సెక్షన్ కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 మాత్రమే. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25,000, 12,500గా ఉండేవి. ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి ఇది చాలీచాలని మొత్తం. అదీ అడిగేవారు లేరు. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగాయి. 2022–23లో వచ్చిన దరఖాస్తులు 205.

ఈ లెక్కలు చూసిన సుప్రీంకోర్టు 2024 జనవరి 12న పోలీసులకు బాధ్యత అప్పగించింది. కేసు నమోదైన నెలలోపు బండి వివరాలు దొరకకపోతే, పరిహారం అడగవచ్చని స్టేషను అధికారే కుటుంబానికి రాతపూర్వకంగా తెలపాలి. ఏ ఆఫీసుకు వెళ్లాలో కూడా అందులో రాయాలి. దరఖాస్తు ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి విచారణాధికారికి ఇవ్వాలి. డోన్‌లో 2022 నుంచి ఆర్డీవో కార్యాలయం ఉంది కాబట్టి ఇందుకోసం కర్నూలు పోవాల్సిన పని లేదు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోవాలి. విచారణాధికారి నెలలోపు నివేదిక పంపాలి, కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి, మరో 15 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. తర్వాత ఎప్పుడైనా బండి దొరికి ట్రిబ్యునల్ పరిహారం ఇస్తే, ముందు తీసుకున్నంత మొత్తాన్ని 163వ సెక్షన్ ప్రకారం అందులోంచి తిరిగి జమ చేస్తారు.