తుపాకికి వంశావళి

పల్నాటిసీమకు ఉత్తరమున కృష్ణానది ఎల్లగా ప్రవహించుచున్నది. పొందుగల వంతెనపై నిలిచి చూచువారికి ఆవలి గట్టున వాడపల్లియు, అచ్చట మూసీనది కృష్ణలో గలియు సంగమమును గోచరించును. నేడది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల నడిమి ఎల్ల. 1948లో నయితే ఈ గట్టు స్వతంత్ర భారతములోని మదరాసు రాష్ట్రము; ఆ గట్టు నిజాము ప్రభువు ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానము. రజాకారుల దౌర్జన్యములకు వెరచి ఆవలి పల్లెల జనులు కట్టుబట్టలతో పుట్టి యెక్కి ఈవలికి వచ్చిన కథలను నా చిన్ననాట మా తండ్రిగారి నోట వింటిని. కథ ముగించునపుడెల్ల ఆయన, "బియ్యపుమూట దాటవలెనన్న కావలివారు పట్టుకొనెడివారు గదా, మరి తుపాకి యెట్లు దాటినదిరా?" అని అడిగెడివారు. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము.

ఆ సంస్థానమునకు పరదేశమునుండి చేరిన ఆయుధములకు నదితో పనిలేకపోయెను. అవి ఆకాశమార్గమున వచ్చినవి. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియను విమానములలో ఆయుధములను నింపి, కరాచీనుండి బీదరు, వరంగల్లు విమానాశ్రయములకు రాత్రివేళల చేరవేసెను. భారతప్రభుత్వము ఆక్షేపించినది. కాని విమానము లేచిన నేల ఒక ప్రభుత్వముది, దిగిన నేల వేరొక ప్రభుత్వముది, నడపించినవాడు మూడవ దేశమువాడు. ఎవరి చట్టము ఎవరిని పట్టవలెను? సెప్టెంబరు 13న భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. తరువాత బ్రిటనులో కాటనునకు పడిన శిక్ష 200 పౌండ్ల జుల్మానా మాత్రమే. అదియు విమానయాన నిబంధనలను మీరినందుకు! ఆయుధవ్యాపారమును అదుపు చేయుటకై 1925లో జెనీవా నగరమున ఒక ఒడంబడిక వ్రాయబడినను, అది అమలులోనికి రానేలేదు. బియ్యపుమూటకు గల కట్టుబాటు తుపాకికి లేకపోయెనని దీని తాత్పర్యము.

అది గడచిన కథ యనుకొందుమేని, 1995 డిసెంబరు 17వ తేదీ రాత్రి పశ్చిమబంగాళములోని పురూలియా జిల్లాలో జరిగిన దానిని తలచుకొనవలెను. ఒక విమానము వందలకొలది తుపాకులను, లక్షలకొలది తూటాలను గొడుగులకు గట్టి పల్లెలపై జారవిడిచినది. సరకు బల్గేరియాలో కొన్నది. విమానము నడపినవారు లాట్వియావారు. బేరమున నొకడు ఇంగ్లీషువాడు. సూత్రధారి డెన్మార్కు దేశీయుడు. తుపాకులు బంగ్లాదేశమునకే పోవుచున్నవని చూపుటకు ఒక దొంగపత్రము సృష్టింపబడెను. ఇట్టిది జరుగనున్నదని బ్రిటనునుండి మన ప్రభుత్వమునకు ముందే వార్త వచ్చినది. అయినను ఆ రాత్రి ఆ పల్లెలలో అడ్డగించువాడు లేకపోయెను. మరునాటి ఉదయమున తుపాకులను మొదట చూచినవారు గ్రామస్థులే. వార్త దేశములు దాటి వచ్చియు, వేళకు ఠాణా గడప దాటలేదు.

ఈ రెండు ఉదంతములనుండి మూడు లోపములను గ్రహింపవచ్చును. తుపాకి పుట్టుక తెలియకపోవుట మొదటిది. వార్త వేళకు చేరకపోవుట రెండవది. దోషి పొరుగుదేశమున దాగుట మూడవది.

మొదటిదానికి మందు 2001లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన తుపాకుల ఒడంబడిక. ఇది 2005లో అమలులోనికి వచ్చినది. భారతదేశము 2011లో దీనిలో చేరినది. మావారికి దీనిని కారెంపూడి మాటలలో చెప్పెదను. కార్తికమాసాంతమున అచ్చటి వీరుల గుడికి వీరాచారవంతులు తమ తమ ఊళ్లనుండి పూర్వవీరుల ఆయుధములను తెచ్చెదరు. ఆ యుత్సవమున పేరూరు లేని ఆయుధమునకు చోటులేదు. ఇది ఏ వీరునిది, ఎవరి యింట నున్నది, ఎవరు మోసికొని వచ్చిరి అని అడిగిన, చెప్పువారుందురు. ఒడంబడిక కోరునదియు నిదియే. తయారైననాడే ప్రతి తుపాకిపైనను చేసినవాని గుర్తు, దేశము, సంఖ్య చెక్కవలెను. ఆ లెక్కలను పదియేండ్లకు తక్కువ గాకుండ భద్రపరుపవలెను. కొను దేశము అనుమతి నిచ్చినదని తేలనిదే అమ్ము దేశము సరకు కదలనీయరాదు. అప్పుడొక తుపాకి దొరికినచో, అది ఏ చేతినుండి ఏ చేతికి మారెనో వెనుకకు నడచి కనుగొనవచ్చును. మన ఆయుధచట్టమునకు 2019లో చేసిన సవరణ, తుపాకుల దొంగరవాణాను వేరుగా నిర్వచించి, దానికి యావజ్జీవ కారాగారమువరకు శిక్ష నేర్పరచినది.

రెండవదానికి మందు ఇంటర్‌పోలు. ఇది స్వయముగా పోయి ఎవరినో బంధించు పోలీసుదళమని పలువురు భ్రమపడుదురు. కాదు, ఇది దేశదేశముల పోలీసులనడుమ వార్త నడపు తపాలా వంటిది. పోయిన తుపాకుల, దొరికిన తుపాకుల వివరములను దేశములు పరస్పరము చూచుకొనుటకు దానియొద్ద ఒక పట్టిక కలదు. భారతదేశము 1949నుండి దీనిలో సభ్యురాలు. మన తరఫున సి.బి.ఐ. వ్యవహరించును. అయినను తపాలా ఎంత వేగముగా వచ్చినను, ఉత్తరము విప్పి చదివి, తగిన ఠాణాకు అందజేయువాడు మనవాడే కావలెను.

మూడవది కఠినమైనది. పురూలియా సూత్రధారిని అప్పగింపుమని మన ప్రభుత్వము అడుగగా, డెన్మార్కు న్యాయస్థానము 2011లోను, మరల 2024లోను నిరాకరించినది. మన బందీగృహములలో అతనికి చిత్రహింస కలుగవచ్చునను అనుమానమే కారణము. వినుటకు చేదైనను ఇది ఆలోచింపవలసిన మాట. ఒడంబడికలపై ఎన్ని సంతకములున్నను, ఒకరి న్యాయమును మరియొకరు నమ్మనిచో దోషి తప్పించుకొనును. మన ఠాణాలు, చెరసాలలు నీతితో నుండుట మన ఇంటి మర్యాద మాత్రమే కాదు. పరదేశమున దాగిన దొంగను రప్పించు సాధనము గూడ నదియే.

ఈ విద్యకు ఒక హద్దు కలదు. నాటుకొలిమిలో పుట్టిన తుపాకికి సంఖ్య లేదు. గుట్టుగా చుట్టిన నాటుబాంబునకు వంశావళి లేదు. పల్నాటి కక్షలను ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. వాటి జాడ ఏ దేశపు పట్టికలోను దొరకదు. ఊరివారి నోటనే దొరకవలెను. తెలిసియు పలుకని పొరుగువాడు దొంగపత్రము వ్రాసినవానికి తోబుట్టువే.

నాయనగారికి ఆనాడు నేను చెప్పలేని ఉత్తరము ఇది: తుపాకి తన బలముచేత ఎల్ల దాటలేదు, ఇరుగట్టులవారు ఒకరితో నొకరు మాటాడకపోవుటచేత దాటినది.