భాగం 7: చలనచిత్రోత్సవ వేదికలు – వైకల్యం గల ప్రేక్షకులకు సుగమ్యత

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• సుగమ్యత, సముచిత సర్దుబాటు అనే రెండు భావనల మధ్య తేడాను వివరించగలుగుతారు;
• చిత్రోత్సవాలకు వర్తించే చట్టాలను, మార్గదర్శకాలను పేర్కొనగలుగుతారు;
• ఒక వేదికను ప్రేక్షకుడి ప్రయాణక్రమంలో పరిశీలించి లోపాలను గుర్తించగలుగుతారు;
• మీ ఊరిలో జరిగే చిన్న చిత్రోత్సవానికి సుగమ్యతా ప్రణాళికను తయారుచేయగలుగుతారు.

7.1 పరిచయం

చిత్రోత్సవం మామూలు సినిమా ప్రదర్శన వంటిది కాదు. రోజుకు నాలుగైదు చిత్రాలు, ఒక హాలు నుంచి మరొక హాలుకు పరుగు, ప్రదర్శన తరవాత దర్శకుడితో చర్చ, మధ్యలో టీ కొట్టు దగ్గర కొత్త పరిచయాలు, ఇవన్నీ కలిస్తేనే ఉత్సవం. హైదరాబాద్‌కు ఈ సంప్రదాయం కొత్త కాదు. 1986లో ఫిల్మోత్సవ్ ఇక్కడ జరిగింది. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి ఈ నగరం పలుమార్లు వేదిక అయింది. 2017 నవంబరులో దాని 20వ ఉత్సవం ఇక్కడే జరిగింది. ఇవికాక కళాశాలలు, ఫిల్మ్ సొసైటీలు రెండు మూడు రోజుల చిన్న ఉత్సవాలను తమ ఆడిటోరియాలలో నిర్వహిస్తుంటాయి. మీలో కొందరు రేపు అలాంటి ఉత్సవాల నిర్వాహకులు కావచ్చు. అందుకే ఈ పాఠం.

ఒక అనుభవంతో మొదలుపెడదాం. నేను ఉండే సైనిక్‌పురి మాజీ సైనికోద్యోగులు ఎక్కువగా స్థిరపడిన కాలనీ. మా వీధిలో ఒక విశ్రాంత సైనికాధికారి ఉండేవారు. చక్రాల కుర్చీ వాడేవారు. సినిమాలంటే ప్రాణం. కొన్నేళ్ళ క్రితం నగరంలో జరిగిన ఒక చిత్రోత్సవానికి ఆయనను తీసుకువెళ్ళాను. హాలు ముందు పదకొండు మెట్లు. నలుగురు కుర్రాళ్ళు ఉత్సాహంగా వచ్చి కుర్చీతో సహా ఆయనను పైకి ఎత్తారు. లోపల కుర్చీ పెట్టే చోటు లేక నడవాలో ఉంచారు. దారికి అడ్డమని రెండుసార్లు జరిపారు. మరుగుదొడ్డి మరో అంతస్తులో ఉంది. ఆ సంగతి ముందే ఊహించి ఆయన పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. మరునాడు పిలిస్తే రానన్నారు. "సినిమా బాగుంది ప్రొఫెసర్ గారూ, మోయించుకోవడమే బాగాలేదు" అన్నారు.

ఆ రోజు అక్కడ ఎవరూ ఆయనతో దురుసుగా ప్రవర్తించలేదు. అందరూ సాయం చేసినవారే. అయినా ఆయన రెండో రోజు రాలేదు. ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ భాగంలోని సారం.

7.2 మౌలిక భావనలు

సుగమ్యత: స్థలం, సమాచారం, సేవ అందరూ స్వతంత్రంగా, గౌరవంగా ఉపయోగించుకోగలిగేలా ముందే ఏర్పాటై ఉండటం సుగమ్యత. ఇది ఒక వ్యక్తి కోసం చేసేది కాదు. ఎవరు వస్తారో తెలియకముందే అందరి కోసం చేసేది.

సముచిత సర్దుబాటు: సాధారణ ఏర్పాట్లు సరిపోని ఒక వ్యక్తికి, ఆ వ్యక్తి అవసరాన్ని బట్టి చేసే ప్రత్యేక మార్పు సముచిత సర్దుబాటు. ఉదాహరణకు, చూపు, వినికిడి రెండూ లేని ప్రేక్షకుడికి అరచేతిలో స్పర్శ ద్వారా విషయం తెలియజేసే సహాయకుడిని ఏర్పాటు చేయడం.

మొదటిది లేనప్పుడు రెండోదానితో సరిపెట్టుకోవడం మన దగ్గర తరచు కనిపించే పొరపాటు. ఆ నలుగురు కుర్రాళ్ళు చేసింది అదే. ర్యాంపు ఉండవలసిన చోట దయ నిలబడింది. దయ చూపినవారికి తృప్తి మిగిలింది, చూపించుకున్నవారికి మొహమాటం మిగిలింది.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. అడ్డంకి వ్యక్తి శరీరంలో ఉందని భావించే దృష్టి ఒకటి, సమాజం కట్టిన కట్టడాలలో, పద్ధతులలో ఉందని భావించే దృష్టి మరొకటి. రెండోదాన్ని వైకల్యానికి సంబంధించిన సామాజిక నమూనా అంటారు. ఈ దృష్టితో చూస్తే మా పొరుగాయన ఇబ్బందికి కారణం ఆయన కాళ్ళు కాదు, ఆ పదకొండు మెట్లు.

7.3 చట్టపరమైన ఆధారం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం గల వ్యక్తులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. అప్పటి లెక్క ఎనిమిది రకాల వైకల్యాలకే పరిమితం. ప్రస్తుత చట్టం 21 రకాలను గుర్తిస్తుంది.

(అ) ఐక్యరాజ్యసమితి ఒడంబడిక: వికలాంగుల హక్కుల ఒడంబడికను సమితి 2006 డిసెంబరు 13న ఆమోదించింది. భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దీని 30వ అధికరణం సాంస్కృతిక జీవనంలో పాల్గొనే హక్కును గుర్తిస్తూ చలనచిత్రాలను, సినిమాహాళ్ళను ప్రత్యేకంగా పేర్కొంటుంది.

(ఆ) వికలాంగుల హక్కుల చట్టం, 2016: ఇది 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 29వ సెక్షన్ సంస్కృతి, వినోదాలలో సమాన భాగస్వామ్యం గురించి, 42వ సెక్షన్ దృశ్యవర్ణన, సంజ్ఞాభాష, క్యాప్షన్ల గురించి చెబుతాయి. ఇప్పటికే ఉన్న ప్రజాభవనాలను నియమావళి వెలువడిన నాటి నుంచి ఐదేళ్ళలో సుగమ్యం చేయాలని 45వ సెక్షన్ నిర్దేశించింది. ఆ గడువు 2022లోనే ముగిసింది. 46వ సెక్షన్ ప్రైవేటు సేవాసంస్థలకు కూడా బాధ్యత విధిస్తుంది.

(ఇ) సుప్రీంకోర్టు తీర్పు, 2024: రాజీవ్ రాతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. 2017 నియమావళిలోని 15(1) నియమం సుగమ్యతా ప్రమాణాలను కేవలం సలహాల స్థాయిలో ఉంచిందని, అది మాతృచట్టానికి విరుద్ధమని చెప్పింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన క్షేత్రస్థాయి నివేదికను తయారుచేసింది సైనిక్‌పురికి ఎంతో దూరం కాని శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం.

(ఈ) సినిమా మార్గదర్శకాలు, 2024: సినిమాహాళ్ళలో చూపు, వినికిడి లోపాలు గల ప్రేక్షకుల కోసం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ 2024 మార్చిలో సుగమ్యతా ప్రమాణాలను విడుదల చేసింది. జాతీయ పురస్కారాలకు, గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం వంటివాటికి పంపే కథాచిత్రాలకు క్యాప్షన్లు, దృశ్యవర్ణన ఉండాలని ఇవి కోరుతున్నాయి.

7.4 సుగమ్యత ఒక గొలుసు

ప్రేక్షకుడు ఇంట్లో ప్రకటన చదివినప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేవరకు సాగే ప్రయాణాన్ని గొలుసుగా ఊహించండి. ఒక్క లంకె తెగినా గొలుసు పనికిరాదు. చక్కని ర్యాంపు ఉండి మరుగుదొడ్డి లేకపోతే ర్యాంపు వృథా.

7.4.1 సమాచారం, నమోదు: కార్యక్రమ పత్రాన్ని బొమ్మగా మాత్రమే పంపితే తెరపాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. అదే సమాచారం అక్షరరూపంలో కూడా ఉండాలి. ఏ హాలుకు మెట్లున్నాయి, ఏ చిత్రానికి క్యాప్షన్లున్నాయి అనేవి స్పష్టంగా రాయాలి. నమోదు పత్రంలో "మీకు ఏ ఏర్పాటు అవసరం?" అని అడగాలి. "మీ వైకల్యం ఏమిటి?" అని కాదు.

7.4.2 రాక, ప్రవేశం: ప్రధాన ద్వారానికి 30 మీటర్లలోపు 3.6 మీటర్ల వెడల్పు గల పార్కింగ్ స్థలం ఉండాలి. ర్యాంపు వాలు 1:12కు మించకూడదు. అంటే ఒక మీటరు ఎత్తుకు కనీసం 12 మీటర్ల పొడవు. ఇప్పుడు ఆ పదకొండు మెట్ల లెక్క చూద్దాం. ఒక్కో మెట్టు 150 మిల్లీమీటర్లనుకుంటే మొత్తం ఎత్తు 1,650 మిల్లీమీటర్లు. దానికి 12 రెట్లు, అంటే దాదాపు 20 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగే చదునులు అదనం. ఉత్సవం ముందురోజు చెక్కపలక వేసి సరిపెట్టే పని కాదిది. మూడు మెట్లున్న పక్కద్వారానికైతే 5.4 మీటర్లు చాలు. అందుకే సుగమ్యత వేదిక ఎంపిక దగ్గరే మొదలుకావాలి. పక్కద్వారాన్ని ఎంచుకుంటే అందరినీ అటే పంపడం మంచిది. వైకల్యం గలవారికి మాత్రమే పెరటిదారి చూపడం మర్యాద కాదు.

తలుపుకు కనీసం 900 మిల్లీమీటర్ల వెడల్పు, కుర్చీ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ ఉండాలి. నేలపై వేసే స్పర్శపలకలలో గీతలున్నవి దారి చూపుతాయి, చుక్కలున్నవి హెచ్చరిస్తాయి. వాటి మీద ఫ్లెక్సీలు, పూలకుండీలు పెట్టకూడదు.

7.4.3 ఆసనం: చక్రాల కుర్చీకి సుమారు 900 × 1,200 మిల్లీమీటర్ల చదునైన చోటు, పక్కనే తోడు వచ్చినవారికి ఆసనం కావాలి. ఈ చోట్లన్నీ తెరకు ఆనుకొని ముందు వరుసలోనే ఉంటే మెడ ఎత్తి చూడవలసి వస్తుంది. కొన్ని ఆసనాలు తీసివేసి మధ్య వరుసల చివర కూడా చోటు కల్పించాలి.

7.4.4 చిత్రం: హాలులోకి రాగలగడం సగం పనే. సినిమా అందడం మిగతా సగం.

దృశ్యవర్ణన అంటే సంభాషణల మధ్య విరామాలలో తెరపై జరుగుతున్నదాన్ని క్లుప్తంగా చెప్పే గొంతు. ఇది హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది కాబట్టి పక్కవారికి ఇబ్బంది ఉండదు. ఉపశీర్షికకు, క్యాప్షన్‌కు తేడా ఉంది. ఉపశీర్షిక సంభాషణను అనువదిస్తుంది. క్యాప్షన్ ఎవరు మాట్లాడుతున్నారో, తలుపు కిర్రుమన్నదో, దూరాన రైలు కూసిందో కూడా చెబుతుంది. తెలుగు చిత్రానికి ఇంగ్లీషు ఉపశీర్షికలు వేసి వినికిడి లోపం గల తెలుగు ప్రేక్షకుడికి న్యాయం చేశామనుకోవడం సరికాదు.

గోవా ఉత్సవం 2022లో 'గాంధీ', 'ద స్టోరీటెల్లర్' చిత్రాలను ఈ సదుపాయాలతో ప్రదర్శించింది. పెద్ద ఉత్సవాలకే కాదు, చిన్నవాటికీ ఇది అసాధ్యం కాదు. లఘుచిత్రానికి తెలుగు క్యాప్షన్లు తయారుచేయడం శ్రద్ధ గల ఇద్దరు విద్యార్థులు చేయగల పని.

వెలుగు, శబ్దం భరించలేని ఆటిజం గల పిల్లల కోసం ఒక ప్రదర్శనలో దీపాలు పూర్తిగా ఆర్పకుండా, శబ్దం తగ్గించి, లేచి తిరిగే స్వేచ్ఛ ఇవ్వవచ్చు.

7.4.5 చర్చ: వేదిక పైకి కూడా ర్యాంపు ఉండాలి. వైకల్యం గలవారు ప్రేక్షకులుగానే వస్తారని, దర్శకులుగా రారని ఎందుకు అనుకోవాలి? సంజ్ఞాభాషా అనువాదకుడు వెలుతురులో, వక్త పక్కన నిలబడాలి. పుట్టుకతో వినికిడి లేని పలువురికి భారతీయ సంజ్ఞాభాషే మొదటి భాష. దాని వాక్యనిర్మాణం తెలుగుది కాదు. కాబట్టి క్యాప్షన్లు ఉన్నా అనువాదకుడు అవసరం. అనువాదకులు ఇద్దరుంటే వంతులవారీగా చేస్తారు.

7.4.6 మరుగుదొడ్డి, మంచినీళ్ళు: హాలు ఉన్న అంతస్తులోనే, బయటికి తెరుచుకునే లేదా పక్కకు జరిగే తలుపుతో, చేతిపట్టులతో మరుగుదొడ్డి ఉండాలి. దానికి తాళం వేసి సామాన్లు పెట్టే అలవాటు మానాలి. మనిషి దాహాన్ని అణచుకొని సినిమా చూడవలసి వస్తే దాన్ని ఉత్సవం అనలేం.

7.4.7 అత్యవసర పరిస్థితి: మంటలు చెలరేగితే లిఫ్టు వాడకూడదు. మరి చక్రాల కుర్చీలో ఉన్నవారు? వారి కోసం సురక్షితంగా వేచి ఉండే చోటు, తోడుగా బాధ్యత వహించే వలంటీరు ముందే నిర్ణయమై ఉండాలి. గంట మోగితే వినపడనివారి కోసం మెరిసే దీపం కూడా ఉండాలి.

7.5 అన్వయం: సైనిక్‌పురిలో మూడు రోజుల ఉత్సవం

సైనిక్‌పురిలోని ఒక కళాశాల హాలులో మూడు రోజుల ఉత్సవం జరపాలని మీరు అనుకున్నారని భావించండి. ఇక్కడి ప్రేక్షకులలో వయసు మళ్ళినవారు ఎక్కువ. తుపాకుల మోత మధ్య పనిచేసినవారిలో వినికిడి తగ్గడం సహజం. మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పనక్కరలేదు. వీరిలో చాలామందికి వైకల్య ధ్రువపత్రం ఉండదు, అవసరం మాత్రం ఉంటుంది.

మూడు నెలల ముందు: చక్రాల కుర్చీ వాడే ఒకరిని, చూపు లేని ఒకరిని, వినికిడి లేని ఒకరిని వెంటబెట్టుకొని వేదికను పరిశీలించండి. వారి సమయానికి పారితోషికం ఇవ్వండి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ, అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఇటువంటి సంస్థల సలహా అడగండి.

నెల ముందు: ఏ చిత్రాలకు క్యాప్షన్లు, దృశ్యవర్ణన ఉన్నాయో దర్శకులను అడగండి. అనువాదకులను ఖరారు చేయండి.

వారం ముందు: వలంటీర్లకు శిక్షణ ఇవ్వండి. అడగకుండా చక్రాల కుర్చీని తాకకూడదు. చూపు లేనివారిని చేయి పట్టి లాగకూడదు, మన మోచేతిని వారికి అందించాలి. తోడు వచ్చినవారితో కాక నేరుగా ప్రేక్షకుడితోనే మాట్లాడాలి.

ఉత్సవం ముగిశాక: వచ్చినవారినే కాదు, నమోదు చేసుకొని రానివారిని కూడా కారణం అడగండి.

7.6 ఒక అభ్యంతరం – సమాధానం

"అలాంటి ప్రేక్షకులు ఎవరూ రారు కదా, ఇంత ఖర్చు ఎందుకు?" అని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. మెట్లున్నాయి కాబట్టి వారు రారు. వారు రారు కాబట్టి మెట్లు ఉండిపోతాయి. రాకపోవడం ఆసక్తి లేకపోవడానికి రుజువు కాదు. పైగా ర్యాంపు వృద్ధులకు, చంటిబిడ్డల తల్లులకు, ప్రొజెక్టర్ మోసుకొచ్చే సిబ్బందికి కూడా ఉపయోగపడుతుంది. అయితే ఇది అదనపు లాభం మాత్రమే. అసలు కారణం హక్కు.

7.7 సారాంశం

సుగమ్యత చివరి నిమిషంలో చేసే సహాయం కాదు, వేదికను ఎంచుకునే రోజున తీసుకునే నిర్ణయం. సమాచారం నుంచి అత్యవసర ద్వారం వరకు అది ఒక గొలుసు. చట్టం దాన్ని హక్కుగా గుర్తించింది. మా పొరుగాయన ఇప్పుడు లేరు. ఆయన రెండో రోజు ఎందుకు రాలేదో మీకు అర్థమైతే ఈ భాగం లక్ష్యం నెరవేరినట్లే. మీరు నిర్వహించే ఉత్సవానికి అలాంటివారు మూడు రోజులూ రాగలగాలి.

7.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. సుగమ్యతకు, సముచిత సర్దుబాటుకు గల తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. ఉపశీర్షికకు, క్యాప్షన్‌కు భేదం ఏమిటి?
3. నాలుగు మెట్లు, ఒక్కొక్కటి 150 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ద్వారానికి ఎంత పొడవు ర్యాంపు కావాలో లెక్కించండి.

II. ఈ కింది ప్రశ్నకు ముప్పై వాక్యాలలో సమాధానం రాయండి.
1. "సుగమ్యత ఒక గొలుసు" – చర్చించండి.

III. క్షేత్రకార్యం: మీ ఊరిలోని ఒక సినిమాహాలును లేదా ఆడిటోరియాన్ని చూసి, 7.4లోని ఏడు అంశాల ఆధారంగా రెండు పుటల నివేదిక రాయండి.